చిన్నాసుపత్రిలో క్రిటికల్ కేర్ – 4వ పాఠం: అట్రోపిన్ లెక్క

పోయిన పాఠంలో శ్వాసమార్గం కాపాడటం చూశాం. అది చేతికి రాకపోతే మళ్లీ వెనక్కి వెళ్లండి, పురుగుమందు తాగి వచ్చిన ఈ కేసులో అదే ముందు కావాలి.

"మావాడు మందు తాగాడు సార్" అంటూ వస్తారు. ఏ మందో తేల్చుకోండి, మన భాషలో సారాయీ మందే, పురుగులదీ మందే. డబ్బా తెచ్చారేమో అడగండి. పారాక్వాట్ అనే కలుపుమందు అయితే ఈ పాఠం పనికిరాదు, దానికి ఆక్సిజన్ కూడా ఆచితూచి ఇవ్వాలి. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అయితే ఒళ్లంతా చెమట, నోట్లో నురగ, సూదిమొనంత కంటిపాపలు, ఛాతీలో గురగుర ఉంటాయి.

గ్లవ్స్‌తో బట్టలు తీయించి ఒళ్లు కడిగించండి. ఈలోగా దీనికి విరుగుడైన అట్రోపిన్ మొదలైపోవాలి. పొట్ట కడిగే ట్యూబుతో మొదటి పావుగంట పోగొట్టే అలవాటు నాకు అస్సలు నచ్చదు.

మన యాంపుల్‌లో ఉండేది 0.6 మి.గ్రా. పెద్దవాళ్లకు మొదట 3 యాంపుల్స్ నరానికి ఇవ్వండి. 5 నిమిషాలకు స్టెత్ పెట్టి వినండి. గురగుర తగ్గలేదా, రెట్టింపు చేసి 6. తర్వాత 12, ఆపైన 24. ఇరవై నిమిషాలు కాకముందే 45 యాంపుల్స్, అంటే 27 మి.గ్రా. కొత్త డాక్టరుకు ఇక్కడే చెయ్యి ఆగుతుంది. "పల్స్ 120 ఉంది, ఇంకా ఇవ్వాలా సార్?" అని సిస్టర్ గారు అడుగుతారు. ఇవ్వాలి. ఊపిరితిత్తుల్లో నీరు నిండి ఆక్సిజన్ అందకపోయినా పల్స్ పరుగెడుతుంది.

ఛాతీ రెండు వైపులా శుభ్రంగా వినిపించి, పల్స్, పై బీపీ రెండూ 80 దాటి, చంకలు పొడిబారితే రెట్టింపు ఆపండి. కంటిపాప తీరిగ్గా విప్పారుతుంది, దానికోసం మందు పెంచుకుంటూ పోవద్దు. ఒక్క పక్కనే చప్పుడు మిగిలితే వాంతి లోపలికి పోయిందేమో చూడండి.

ఆ తర్వాత, అప్పటిదాకా పట్టిన మొత్తంలో 10–20 శాతాన్ని గంటకు డ్రిప్‌గా ఇవ్వాలి. మన లెక్కలో 2.7 నుంచి 5.4 మి.గ్రా. జ్వరం, పిచ్చిమాటలు, చప్పుడు లేని పేగులు కలిసి కనిపిస్తే డోసు ఎక్కువైనట్టే. డ్రిప్ ఆపి, అవి తగ్గాక వేగం తగ్గించి మళ్లీ పెట్టండి.

అభ్యాసం: ఈ రాత్రి డ్యూటీలో ఎమర్జెన్సీ ట్రేలో అట్రోపిన్ యాంపుల్స్ లెక్కపెట్టండి. 45 లేకపోతే పొద్దున్నే ఇండెంట్ రాయండి.

వచ్చే పాఠం: రెండో రోజు బాగానే మాట్లాడుతూ, దిండు మీంచి తల ఎత్తలేని రోగి.