టెన్త్ రీవెరిఫికేషన్: వెయ్యి కట్టే ముందు

కిందటేడు టెన్త్ ఫలితాలొచ్చిన మూడో రోజున, రాజోలు వైపు నుంచి ఒక కొబ్బరి దింపు కార్మికుడు కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. అమ్మాయికి లెక్కల్లో 31. "పేపరు మళ్లీ దిద్దించి పాస్ చేయిస్తానని ఒకాయన మూడు వేలు తీసుకున్నాడండి" అన్నాడు. రసీదేదంటే ఫోన్లో ఫొటో చూపించాడు. చూస్తే అది అమ్మాయి హాల్‌టికెట్టే. బడికి ఫోన్ చేసి కనుక్కుంటే ఆ నంబరు మీద దరఖాస్తే లేదు.

ఉండదు కూడా. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రీవెరిఫికేషన్ దరఖాస్తు హెడ్మాస్టరు లాగిన్ నుంచే వెళ్తుంది. బయట ఎవరికి ఎంత ఇచ్చినా ఆ గేటు తెరుచుకోదు.

పద్ధతి చిన్నదే. హాల్‌టికెట్ నంబరు, పేపరు పేరు, డబ్బు హెడ్మాస్టరుకి ఇస్తే ఆయన ప్రభుత్వ పరీక్షల విభాగం వెబ్‌సైట్లో నింపుతారు. పేపరుకి రీకౌంటింగ్ 500, రీవెరిఫికేషన్ 1000. గడువు వారం మాత్రమే. 2025లో ఏప్రిల్ 23న ఫలితాలొస్తే మే 1తో ముగిసింది. సైన్సు అని ఊరికే చెప్పకండి, ఫిజికల్ సైన్స్, బయాలజీ వేర్వేరు పేపర్లు.

అందరూ తడబడేది పేర్ల దగ్గర. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కుల కూడిక సరిచూడటం, అంతే. రీవెరిఫికేషన్‌లో కూడికతో పాటు దిద్దకుండా వదిలేసిన జవాబులేమైనా ఉన్నాయా అని చూస్తారు, జవాబుపత్రం నకలు కూడా ఇస్తారు. దీనికి కడితే రీకౌంటింగ్‌కి విడిగా కట్టక్కర్లేదు. ఇక రీవాల్యుయేషన్, అంటే ఒకసారి మార్కు వేసిన జవాబుకి ఇంకొకరి చేత మళ్లీ మార్కు వేయించడం, టెన్త్‌లో లేనే లేదు. దళారీ అమ్మేది సరిగ్గా ఆ లేనిదాన్నే.

మరి వెయ్యి కట్టడం దండగా? కాదు. స్పాట్‌లో, అంటే టీచర్లంతా ఒకచోట కూర్చుని పేపర్లు దిద్దే కేంద్రంలో, పదేళ్లకు పైగా దిద్దినవాణ్ణి, తప్పు ఎక్కడ దొర్లుతుందో చెప్పగలను. రోజుకి 40 పేపర్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కళ్లు బరువెక్కుతాయి. పిల్లాడు ఒక పేజీ ఖాళీగా వదిలి తర్వాతి పేజీలో జవాబు రాస్తాడు. పేపరు అయిపోయిందనుకుని మూసేస్తాం. లోపల 4 వేసి మొదటి పేజీలోని మార్కుల గడిలో ఎక్కించడం మర్చిపోతాం. మా తర్వాత కూడికలు చూడటానికి స్పెషల్ అసిస్టెంట్లు, పైన చీఫ్ ఎగ్జామినర్ ఉంటారు, అయినా కొన్ని జారిపోతాయి. 2025లో రీవెరిఫికేషన్ చేస్తే వేల పేపర్లలో మార్కులు మారాయి, దిద్దినవాళ్లలో కొందరిని సస్పెండ్ కూడా చేశారు. అందుకే పిల్లల్ని తిట్టే ముందు "చివర్న ఏమైనా వదిలి రాశావా?" అని ఒక్కసారి అడగండి. వాళ్లకి గుర్తుంటుంది.

ఇంకో చిక్కు. ఫలితాలొచ్చేసరికి వేసవి సెలవులు పడతాయి, బడికి తాళం. హెడ్మాస్టరు ఊళ్లో ఉండకపోవచ్చు. చివరి రోజు దాకా ఆగకుండా ముందే ఫోన్ చేయండి. దొరక్కపోతే మండల విద్యాధికారిని కలవండి. మొహమాటపడొద్దు, ఇది మీరు అడుక్కునేది కాదు. దరఖాస్తు పడ్డాక ప్రింటు తీసుకుని మూడు చూసుకోండి: హాల్‌టికెట్ నంబరు, పేపరు పేరు, రీకౌంటింగా రీవెరిఫికేషనా. ప్రింటు చేతికి రాకుండా ఇంటికి రాకండి.

ఫెయిలైన పిల్లలైతే సప్లిమెంటరీ ఫీజు కూడా అప్పుడే కట్టేయండి. రెండు గడువులూ పక్కపక్కనే నడుస్తాయి. రీవెరిఫికేషన్‌లో పాస్ అయిపోతుందిలే అని కూర్చుంటే సప్లిమెంటరీ గడువూ పోతుంది.

రాజోలు అమ్మాయి చేత రెండూ కట్టించాం. నకలు వచ్చాక చూస్తే, పదిహేడో పేజీలో ఒక రెండు మార్కుల లెక్క పక్కన ఎర్ర సిరా మరకే లేదు. 31 కాస్తా 33 అయింది, ఇంకా రెండు తక్కువే. సప్లిమెంటరీ రాసి గట్టెక్కింది. వాళ్ల నాన్న ఆ మూడు వేల కోసం ఇప్పటికీ తిరుగుతున్నాడు.