యాక్సెస్ ట్రూ అంటుంది, ఓపెన్ చేస్తే పర్మిషన్ డినైడ్. తేడా ఎక్కడుంది?

ఫైల్ తెరిచే ముందు పైథాన్‌లో ఓఎస్.యాక్సెస్‌తో అనుమతి ఉందా అని అడిగితే ట్రూ అంటుంది, తర్వాతి లైన్‌లోనే ఓపెన్ దగ్గర ప్రోగ్రామ్ పడిపోతుంది. ఈ టెన్షన్‌లో చాలామంది ముందు చేసే పని సీహెచ్‌మాడ్ 777 కొట్టడం, అంటే చదివే, రాసే, నడిపే అనుమతులన్నీ అందరికీ ఇచ్చేయడం. దాంతో సమస్య పోతుందన్న గ్యారంటీ లేదు, పోయినా ఆ మెషీన్ మీదున్న ఎవరైనా మీ ఫైల్‌ని మార్చేయొచ్చు. ముందు ఎర్రర్ నంబర్ చూడండి. లినక్స్‌లో 13 అంటే అనుమతి లేదని, 30 అంటే ఫైల్ సిస్టమే రీడ్ ఓన్లీ అని, 2 అంటే ఫైల్ లేదని. 1 వస్తే ఆ పనే కుదరదని.

ఫైల్‌కి 644 ఉంది (ఎవరైనా చదవొచ్చు), అయినా 13 వస్తోంది

తప్పు ఫైల్‌ది కాదు, దారిది. ఫైల్ దాకా వెళ్లే ప్రతి ఫోల్డర్‌కీ ఎక్స్ బిట్, అంటే దాన్ని దాటి లోపలికి వెళ్లే అనుమతి, ఉండాలి, ఒక్కదానికి లేకపోయినా లోపల 777 పెట్టి లాభం లేదు. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ హోమ్ ఫోల్డర్ 750తో, అంటే ఓనర్‌కీ గ్రూప్‌కీ తప్ప మిగతావాళ్లకి ప్రవేశం లేకుండా, తయారవుతోంది కాబట్టి, హోమ్‌లో పెట్టిన ఫైల్ మీ టెర్మినల్‌లో చక్కగా తెరుచుకుంటుంది, వెబ్ సర్వర్‌కి మాత్రం అందదు. ఇంకో తిరకాసు ఏంటంటే, ఇలాంటి చోట ఫైల్ ఉందా అని అడిగే ఓఎస్.పాత్.ఎగ్జిస్ట్స్ కూడా ఫాల్స్ అంటుంది. ఫైల్ కళ్లముందే ఉంటుంది, ప్రోగ్రామ్ మాత్రం లేదంటుంది, మీరేమో పాత్‌లో స్పెల్లింగ్ తప్పేమో అని వెతుక్కుంటూ కూర్చుంటారు.

దారిలోని ప్రతి ఫోల్డర్ అనుమతులూ చూపించే నేమ్‌ఐ కమాండ్‌కి మైనస్ ఎల్ తగిలించి పూర్తి పాత్ ఇవ్వండి. మొదటి స్లాష్ నుంచి ఫైల్ దాకా ఒక్కో మెట్టు ఒక్కో లైన్‌లో వస్తుంది, ఏ ఫోల్డర్ లైన్‌లో అనుమతుల చివరి మూడు గళ్లూ (మిగతావాళ్లవి) ఉత్త గీతలే ఉన్నాయో అక్కడే దారి మూసుకుపోయింది. ఆ ఒక్క ఫోల్డర్‌కి సెట్‌ఎఫ్‌ఏసీఎల్‌తో (ఒక యూజర్‌కి విడిగా అనుమతి ఇచ్చే కమాండ్) సర్వర్ యూజర్‌కి ఎక్స్ ఇస్తే చాలు. నన్నడిగితే అసలు ఆ ఫైల్ హోమ్‌లో ఉండకూడదు, సర్వర్ ఫైళ్ల కోసం ఉండే ఎస్‌ఆర్‌వీ ఫోల్డర్‌లోకి మార్చేయండి.

యూజర్‌ని ఫైల్ గ్రూప్‌లో చేర్చాను, అనుమతి ఇంకా రావట్లేదు

నడుస్తున్న ప్రాసెస్‌కి కొత్త గ్రూప్ దానంతటది అంటుకోదు. సర్వీస్ రీస్టార్ట్ చేయండి, మీ సొంత సెషన్ అయితే లాగౌట్ అయి మళ్లీ రండి. అనుమానం ఉంటే నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలుండే ప్రాక్ ఫోల్డర్‌లో ఆ ప్రాసెస్ నంబర్ కింద ఉండే స్టేటస్ ఫైల్‌లో గ్రూప్స్ లైన్ చూడండి.

యాక్సెస్ ఒకటి చెబితే ఓపెన్ ఇంకొకటి చేస్తోంది

యాక్సెస్ చూసేది రియల్ యూజర్ ఐడీని (ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టినవాళ్లది), ఓపెన్‌కి లెక్కలోకొచ్చేది ఎఫెక్టివ్ ఐడీ (ఇప్పుడు ఎవరి హక్కులతో నడుస్తోందో వాళ్లది). మామూలు ప్రోగ్రామ్‌లో రెండూ ఒకటే కాబట్టి ఎవరికీ పట్టదు. రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ యూజర్‌గా మొదలై, తర్వాత సెట్‌ఈయూఐడీతో (ఎఫెక్టివ్ ఐడీని మార్చే కాల్) మామూలు యూజర్‌గా మారే సర్వీస్‌లో మాత్రం యాక్సెస్ రూట్ తరఫున ట్రూ అంటుంది, ఓపెన్ ఆ మామూలు యూజర్‌గా వెళ్లి 13 తెస్తుంది. పైథాన్ 3.3 నుంచి ఓఎస్.యాక్సెస్‌లో ఎఫెక్టివ్_ఐడీస్ ఆప్షన్ ఉంది, లినక్స్‌లో దాన్ని ట్రూ చేయండి.

విండోస్‌లో కథ వేరు. అక్కడ పైథాన్ యాక్సెస్ రాసే అనుమతి అడిగితే రీడ్ ఓన్లీ టిక్ మాత్రమే చూస్తుంది, సెక్యూరిటీ ట్యాబ్‌లోని ఏసీఎల్‌ని (ఎవరికి ఏ అనుమతో చెప్పే జాబితా) పట్టించుకోదు. ఫోల్డర్ గురించి అడిగితే, ఆ ఫోల్డర్ ఉంటే చాలు, ట్రూ అనేస్తుంది. అక్కడ దాన్ని నమ్మకండి.

ఫైల్‌కి రాసే అనుమతి ఉంది, సేవ్ మాత్రం అవ్వట్లేదు

మీ ప్రోగ్రామ్ ముందు టెంపరరీ ఫైల్ రాసి తర్వాత రీనేమ్ చేస్తోందేమో చూడండి. కొత్త ఫైల్ పెట్టాలన్నా, పేరు మార్చాలన్నా, డిలీట్ చేయాలన్నా కావాల్సింది ఫోల్డర్ మీద రాసే అనుమతి. రీడ్ ఓన్లీ ఫైల్ కూడా డిలీట్ అయిపోవడం చూసి కంగారుపడేది ఇందుకే.

రూట్‌గా నడిపినా కుదరట్లేదు

30 వస్తే మౌంట్ చూడండి: డాకర్ వాల్యూమ్‌ని (కంటైనర్‌కి తగిలించిన ఫోల్డర్) ఆర్‌ఓతో, అంటే రీడ్ ఓన్లీగా పెట్టారేమో, లేదా డిస్క్ ఎర్రర్ వచ్చి సిస్టమే దాన్ని రీడ్ ఓన్లీ చేసేసిందేమో కెర్నల్ మెసేజ్‌లు చూపించే డీమెసేజ్‌లో తెలుస్తుంది. 1 వస్తే ఎల్ఎస్‌ఏటీటీఆర్ కొట్టండి, ఐ (ఫైల్‌ని ఎవరూ మార్చకుండా తాళం వేసే గుర్తు) కనిపిస్తే సీహెచ్‌ఏటీటీఆర్ మైనస్ ఐతో తీసేయండి, కానీ ఎవరో కావాలనే పెట్టి ఉంటారు, అడిగి తీయండి. రూట్‌కే 13 వస్తే ఎన్ఎఫ్ఎస్ రూట్ స్క్వాష్ (నెట్‌వర్క్ డిస్క్ మీద రూట్‌ని మామూలు యూజర్‌గా చూడటం) గానీ ఎస్ఈలినక్స్ (మామూలు అనుమతుల మీద ఇంకో భద్రతా పొర) గానీ అయి ఉండొచ్చు.

మరి ముందే చెక్ చేయాలా?

అక్కర్లేదు. అడగడానికీ తెరవడానికీ మధ్య ఉన్న ఆ కాస్త సమయంలో ఫైల్ స్థానంలో ఎవరైనా సిమ్‌లింక్ (వేరే ఫైల్‌కి దారి చూపే షార్ట్‌కట్) పెట్టేయొచ్చు. ముఖ్యంగా రూట్‌గా నడిచే ప్రోగ్రామ్‌లో ఇది పెద్ద కన్నం. స్క్రీన్ మీద సేవ్ బటన్‌ని మసకగా చూపించాలా వద్దా లాంటి వాటికి యాక్సెస్ వాడుకోండి, మిగతా చోట్ల నేరుగా ఓపెన్ చేసి ఓఎస్ఎర్రర్ పట్టుకోండి. లాగ్‌లో "ఫైల్ తెరవలేకపోయాం" అని ఊరుకోకుండా పూర్తి పాత్, ఎర్రర్ నంబర్, జీఈటీఈయూఐడీ ఇచ్చే ఎఫెక్టివ్ ఐడీ మూడూ రాయండి. అర్ధరాత్రి క్రాన్ జాబ్ (టైమ్ ప్రకారం దానంతటదే నడిచే పని) వేరే యూజర్‌గా నడిచి ఫెయిలైతే అది ఆ ఐడీలోనే దొరుకుతుంది.