మామిడి తొక్కతో పురుగులు పెంచేవాళ్లు మేత ఎట్లా కలపాలంటే

మా చిత్తూరు పక్క తోతాపురి సీజన్ వచ్చిందంటే గుజ్జు ఫ్యాక్టరీల కాడ తొక్క, టెంకలు గుట్టలుగా పడుంటాయి, దాంతో కోళ్లకి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పురుగుల్ని పెంచుదామని అనుకునేవాళ్లకి ఒక మాట, ఉత్త తొక్కే వెయ్యొద్దు. నేను ఫస్ట్ బ్యాచ్‌కి అట్లనే వేసి 20 రోజులైనా వడ్లగింజంత కూడా కాలేదేందిరా అని తల పట్టుకున్నా.

తీపి ఉంటే పురుగు కొవ్వు తనే చేసుకుంటాది. చక్కెర విరిగి అసిటైల్ కోఎ అనే రెండు కార్బన్ల ముక్క అవుతాది, ఆ ముక్కలతో గొలుసు రెండేసి కార్బన్లు పెరిగేటట్టు అతికిస్తా పోయేది ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ అనే ఎంజైమ్. చానా జీవుల్లో గొలుసు 16 కార్బన్ల దాకా పోతాది, అది పామిటిక్ అనే కొవ్వు. ఈ పురుగులో మాత్రం పెద్ద భాగం 12 కాడే ఆగుతాది, అదే లారిక్, కొబ్బరి నూనెలో ఉండేదే! మేతలో లారిక్ లేకున్నా దీని ఒంట్లో ఉంటాది. ఇంత కొవ్వు ఎందుకయ్యా అంటే రెక్కలొచ్చినాక ఈగ తినేది ఏమంత ఉండదు, ఇప్పుడు దాచుకున్నదే అప్పుడు ఖర్చు.

ప్రోటీన్ కట్టే ఇటుకలైన అమైనో యాసిడ్ల లెక్క వేరే. అలనైన్, గ్లూటమేట్ లాంటివి చక్కెర విరిగిన ముక్కకి ఇంకో అమైనో యాసిడ్ నుంచి నైట్రోజన్ తగిలించి చేసుకుంటాది, లైసిన్, మెథియోనైన్ లాంటి ఓ పది మాత్రం మేతలోనే రావాల. తొక్కలో ప్రోటీనే తక్కువ కదా, ఇంక యాడ నుంచి వస్తాయి?

ఇప్పుడు నేను 10 కిలోల తరిగిన తొక్కకి 2 కిలోల తవుడు, కిలో నూనె గింజల చెక్క కలుపుతా. ఉత్త చెనక్కాయ చెక్క అయితే ప్రోటీన్ ఉంటాది గానీ లైసిన్, మెథియోనైన్ రెండూ తక్కువే, అందుకే మెథియోనైన్‌కి నువ్వుల చెక్క, లైసిన్‌కి సోయా పిండి కొంచెం కొంచెం. బూజు పట్టిన చెక్క వద్దు. తొక్కని రాత్రి గోతాంలో వేలాడదీసి నీళ్లు కారనియ్యండి, పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలే పడాల. మేత నాలుగు వేళ్ల మందం చాలు, ఎక్కువైతే అడుగున కుళ్లి వేడెక్కి పురుగులు టబ్ ఎక్కి పారిపోతాయి.

ఒళ్లు ఇంకా తెల్లగా ఉన్నప్పుడే తీసి వేన్నీళ్లలో ముంచి ఎండబెట్టేది. నల్లబడితే తోలు గట్టిపడతాది. కొన్నిటిని మాత్రం వదిలెయ్యండి, గుడ్లకి ఈగలు కావాల కదా.