ట్రాన్స్‌ఫర్మేషన్ ప్లేటు ఖాళీగా వస్తోందా? కంట్రోల్ ప్లేటు మీద కాలనీలు లెక్కపెట్టండి

సమస్య: లైగేషన్ చేశారు, అంటే వెక్టర్ అనే ప్లాస్మిడ్‌కి (గుండ్రటి చిన్న డీఎన్ఏ) ఇన్సర్ట్ అనే కావలసిన డీఎన్ఏ ముక్కని అతికించారు. దాన్ని ఈ-కొలి బ్యాక్టీరియా డీహెచ్5ఆల్ఫా సెల్స్‌లోకి ఎక్కించారు (ఇదే ట్రాన్స్‌ఫర్మేషన్), యాంటీబయోటిక్ ప్లేటు మీద పరిచి రాత్రంతా 37 డిగ్రీల్లో పెట్టారు. పొద్దున చూస్తే ఒక్క కాలనీ లేదు.

ఇలా జరగగానే అందరి అనుమానం అతికించే ఎంజైమ్ లైగేస్ మీదికే పోతుంది. కొత్త ఎంజైమ్ తెప్పిస్తారు, ఇన్సర్ట్ నిష్పత్తి 3:1 నుంచి 5:1కి మారుస్తారు, 16 డిగ్రీల్లో ఇంకో రాత్రి ఉంచుతారు. చాలాసార్లు లైగేషన్ తప్పేమీ ఉండదు.

ముందు చూడాల్సినవి

ప్లాస్మిడ్ మ్యాప్ తెరిచి రెసిస్టెన్స్ జీన్ (యాంటీబయోటిక్‌ని తట్టుకునేలా చేసే జీన్) ఏదో చూడండి, తర్వాత ప్లేటు అడుగున మార్కర్‌తో రాసింది చదవండి. పీఈటీ-28ఎ అయితే కనామైసిన్, పీఈటీ-21ఎ అయితే యాంపిసిలిన్, ఐజెమ్ (సింథటిక్ బయాలజీ విద్యార్థుల పోటీ) వాళ్ల పీఎస్‌బీ1సీ3 అయితే క్లోరాంఫెనికాల్. ఇంత చిన్న విషయం ఎవరు మరిచిపోతారులే అనుకుంటారు. మరిచిపోతారు.

మోతాదు మి.లీ.కి యాంపిసిలిన్ 100 మైక్రోగ్రాములు, కనామైసిన్ 50, క్లోరాంఫెనికాల్ 25. స్టాక్ 1000 రెట్లది అయితే లీటరు అగార్‌కి 1 మి.లీ. పడుతుంది. 100 మి.లీ. సీసాలోనూ అలవాటుగా 1 మి.లీ. పోసేస్తే మోతాదు పదింతలై కాలనీలు రాకపోవచ్చు.

ఆ తర్వాత ప్రతి ట్రాన్స్‌ఫర్మేషన్‌తో పాటు మూడు ప్లేట్లు వేయాలి. డీఎన్ఏ వేయని సెల్స్ యాంటీబయోటిక్ లేని ఎల్‌బీ (బ్యాక్టీరియాని పెంచే మామూలు మీడియం) ప్లేటు మీద దట్టంగా పరుచుకోవాలి. లేదంటే సెల్స్ చచ్చిపోయాయి. అవే సెల్స్ యాంటీబయోటిక్ ప్లేటు మీద అసలు రాకూడదు. వస్తే మందు పనిచేయడం లేదు; యాంపిసిలిన్‌ని పొగలు కక్కే అగార్‌లో కలిపారో, ప్లేట్లు మరీ పాతవో అయ్యుంటాయి. మూడోది, కట్ చేయని మంచి ప్లాస్మిడ్‌తో పాజిటివ్ కంట్రోల్. అసలు చిక్కు దీని దగ్గరే ఉంది.

దొంగ కారణం: కాలనీలు వచ్చాయి కానీ సెల్స్ బాగాలేవు

పాజిటివ్ కంట్రోల్‌కి మినీప్రెప్ (కల్చర్ నుంచి శుద్ధి చేసిన ప్లాస్మిడ్) ట్యూబులోంచి 1 మైక్రోలీటర్ తీసి వేస్తారు. అందులో 100 నానోగ్రాముల దాకా ఉంటుంది. పొద్దున ఓ వంద కాలనీలు కనబడతాయి, "సెల్స్ బానే ఉన్నాయి" అని తేల్చేస్తారు. లెక్క వేసి చూడండి.

100 నానోగ్రాములు వేసి, 1 మి.లీ.లో రికవరీ చేసి (యాంటీబయోటిక్ లేని మీడియంలో సెల్స్‌ని కాసేపు కోలుకోనిచ్చి), అందులో 100 మైక్రోలీటర్లు పరిస్తే ప్లేటు మీద పడింది 10 నానోగ్రాములు. దానికి 100 కాలనీలంటే మైక్రోగ్రాముకి 10,000. ఇది చాలా బలహీనమైన బ్యాచ్.

ఇప్పుడు అవే సెల్స్‌కి లైగేషన్ ఇవ్వండి. 20 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో 50 నానోగ్రాముల వెక్టర్ ఉంటే, 2 మైక్రోలీటర్లలో వచ్చేది 5 నానోగ్రాములు. అదంతా మంచి ప్లాస్మిడే అయినా ట్యూబు మొత్తంలో 50 ట్రాన్స్‌ఫార్మెంట్లు (ప్లాస్మిడ్ ఎక్కిన సెల్స్), ప్లేటు మీద 5. లైగేషన్ మిశ్రమం కట్ చేయని ప్లాస్మిడ్‌తో పోలిస్తే వందింతలు తక్కువగా ఎక్కిందనుకుంటే 0.05 కాలనీ, అంటే ఇరవై ప్లేట్లకి ఒకటి! లైగేషన్ ఎంత చక్కగా జరిగినా మీకు కనబడేది ఖాళీ ప్లేటే.

అందుకే కంట్రోల్‌కి పీయూసీ19 లాంటి చిన్న ప్లాస్మిడ్‌ని పలుచన చేసి 1 నానోగ్రాము మాత్రమే వేయండి. పైన చెప్పినట్టే పరిచాక 100 కాలనీలు వస్తే మైక్రోగ్రాముకి 10 లక్షలు. క్లోనింగ్‌కి ఇది కనీసం. కాల్షియం క్లోరైడ్‌తో ల్యాబులోనే సొంతంగా చేసుకున్న సెల్స్ 10 లక్షల నుంచి కోటి దాకా ఇస్తాయి. ఆ సంఖ్యా, తేదీ బాక్స్ మూత మీద రాసి పెట్టండి.

సెల్స్ ఎందుకు బలహీనపడతాయి

ఎక్కువమంది అనుమానించనిది డిటర్జెంట్. ఫ్లాస్క్ తోమి, కడిగి, ఆరబెడతారు, కంటికి మిలమిల్లాడుతుంది. గాజుకి అంటుకున్న ఆ కొద్దిపాటి సబ్బే సెల్స్ కాంపిటెన్స్‌ని (డీఎన్ఏని లోపలికి తీసుకునే సామర్థ్యాన్ని) దెబ్బతీస్తుంది. కల్చర్ మామూలుగానే పెరుగుతుంది, ఓడీ (కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే కొలత) వేళకే వస్తుంది, స్పిన్ చేశాక పెల్లెట్ (అడుగున చేరే సెల్స్ ముద్ద) బాగానే కూర్చుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఫ్లాస్క్‌లో కొంచెం డిస్టిల్డ్ వాటర్ పోసి గట్టిగా కుదపండి. అంచున సన్నటి నురుగు నిలిచిందంటే దొరికినట్టే. నురుగు రాలేదని నమ్మకం పెట్టుకోవద్దు, దానికంటే తక్కువ సబ్బు కూడా చాలు.

పరిష్కారం: కాంపిటెంట్ సెల్స్‌కి ఒక ఫ్లాస్క్ వేరుగా పెట్టి టేప్ అంటించండి, దాన్ని సబ్బుకి దూరంగా ఉంచండి. నిండా డిస్టిల్డ్ వాటర్ పోసి ఆటోక్లేవ్ చేసి పారబోయండి, రెండుసార్లు. తర్వాతే ఎల్‌బీ. స్పిన్‌కి గాజు, పాత బాటిళ్లు వద్దు, కొత్త 50 మి.లీ. ఫాల్కన్ ట్యూబులు వాడండి. 100 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్‌ని 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి 4 డిగ్రీల్లో ఉంచండి.

తర్వాతివి తెలిసినవే. ఓడీ 0.35–0.4 మధ్య ఆపండి. టీ తాగొచ్చేలోగా 0.7 దాటితే ఆ కల్చర్‌ని వదిలేయండి. సెంట్రిఫ్యూజ్, ట్యూబులు, ద్రావణం అన్నీ ముందే చల్లబడి ఉండాలి. పెల్లెట్‌ని వోర్టెక్స్ చేయకుండా ఐస్‌లోనే మెల్లగా తిప్పి కలపండి. మైనస్ 80 ఫ్రీజర్ లేని కాలేజీ ల్యాబుల్లో మైనస్ 20లో దాచి నెల తర్వాత వాడటం దండగ. సెల్స్‌ని కాల్షియం క్లోరైడ్‌లోనే ఐస్ మీద 12 నుంచి 24 గంటలు ఉంచి వాడండి, కాంపిటెన్స్ పెరుగుతుంది కూడా. 24 గంటలు దాటితే మళ్లీ పడిపోతుంది.

హీట్ షాక్‌కి (డీఎన్ఏ లోపలికి వెళ్లేలా సెల్స్‌ని కొద్దిసేపు వేడి చేయడం) వాటర్ బాత్ డిస్‌ప్లే మీద 42 అని కనబడితే చాలదు, థర్మామీటర్ నీళ్లలో ముంచి చూడండి. 1.5 మి.లీ. ట్యూబులో 50 మైక్రోలీటర్ల సెల్స్‌కి 45 సెకన్లు, వెంటనే 2 నిమిషాలు ఐస్. రికవరీ ఒక గంట. యాంపిసిలిన్‌కైతే కాస్త తగ్గినా నడుస్తుంది కానీ కనామైసిన్, క్లోరాంఫెనికాల్‌కి తగ్గించకండి.

సెల్స్ అంతంతమాత్రంగా ఉన్నా లైగేషన్ చేయక తప్పదంటే, రికవరీ తర్వాత 1 మి.లీ.నీ మెల్లగా స్పిన్ చేసి, 900 మైక్రోలీటర్లు తీసేసి, మిగిలిందంతా ఒకే ప్లేటు మీద పరచండి. పైసా ఖర్చు లేకుండా పదింతల కాలనీలు.

ఇంకా రాకపోతే

50 మైక్రోలీటర్ల సెల్స్‌కి 5 మైక్రోలీటర్లకు మించి లైగేషన్ వేయకండి. పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) ఉన్న క్విక్ లైగేషన్ బఫర్ వాడితే లైగేస్‌ని ఆపడానికి 65 డిగ్రీల్లో వేడి చేసే స్టెప్ మానేయండి, కాలనీలు తగ్గుతాయి. ప్లాస్మిడ్ 10 కేబీ (10,000 బేస్ జతలు) దాటితే ఎలక్ట్రోపొరేషన్‌కి (కరెంటు షాక్‌తో డీఎన్ఏ ఎక్కించడం) మారండి. ఇన్సర్ట్ సెల్స్‌కి విషపూరితమైనది అన్న వివరణ మాత్రం చిట్టచివరికి ఉంచండి. కంట్రోల్ 10 లక్షలు దాటి, ఖాళీ వెక్టర్ లైగేషన్ బాగా వచ్చి, మీ ఇన్సర్ట్‌తో మాత్రమే రాకపోతే అప్పుడు 30 డిగ్రీల్లో పెంచి చూడండి.