ఉగాదికి ముందే తోటలో చక్కబెట్టుకోవాల్సినవి

హైదరాబాద్‌లో వసంతం నిండా రెండు నెలలు కూడా ఉండదు. ఫిబ్రవరిలో వేపాకు రాలడంతో మొదలై, ఏప్రిల్ వచ్చేసరికి ఎండలు ముదిరి అయిపోతుంది. పిట్టలు గూళ్ళు కట్టే హడావుడీ, నేలలో చెమ్మ ఆరిపోవడమూ ఒకేసారి జరుగుతాయి. అందుకే పెరటికైనా, డాబా మీద కుండీలకైనా ఏ పని ఎప్పుడు చేస్తామన్నదే ముఖ్యం.

అన్నిటికంటే ముందు మాంజా తీయాలి. సంక్రాంతి పతంగుల దారం వేప, కానుగ కొమ్మల్లో చిక్కుకుని ఉండిపోతుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించినా కొమ్మల్లో ఇంకా కనిపిస్తూనే ఉంది. అది కుళ్ళదు. కాకులు, గోరింకలు దాన్ని పీచు అనుకుని గూట్లో అల్లుకుంటాయి, పిట్టపిల్లల కాళ్ళకు చుట్టుకుంటుంది. ఫిబ్రవరి సగంలోపు పొడవాటి వెదురుకు కొడవలి కట్టి తెంపండి. చేత్తో లాగితే వేళ్ళు కోసుకుపోతాయి, మందపాటి తొడుగులు వేసుకోండి. తీసిన దారాన్ని ముక్కలుగా కత్తిరించి, కాగితంలో చుట్టి పారేయండి. కరెంటు తీగల దగ్గర చిక్కుకున్నదాన్ని మాత్రం ముట్టుకోవద్దు, అది విద్యుత్ సిబ్బంది పని.

కొమ్మలు కత్తిరించాలన్నా ఫిబ్రవరి సగంలోపే. మందారం, నూరు వరహాలు, ప్రహరీ వెంబడి పొదలు అన్నీ కత్తెర వేశాక వానలు పడేదాకా వదిలేయండి. తప్పనిసరై మార్చిలో తోటమాలిని పిలిస్తే, అతను కత్తెర పెట్టకముందు పావుగంట దూరంగా నిలబడి పొదను చూడండి. పిట్ట నోట్లో పీచుతోనో పురుగుతోనో మాటిమాటికీ ఒకే చోటికి వస్తుంటే అక్కడ గూడు ఉన్నట్టే. దర్జీ పిట్ట రెండు ఆకుల్ని కలిపి కుట్టేస్తుంది, చేయి తగిలేదాకా గూడని తెలియదు. గూడు కట్టడం, గుడ్లు పొదగడం, పిల్లలు ఎగరడం కలిపి ఇలాంటి చిన్న పిట్టలకు సుమారు నెల. ఆ ఒక్క చెట్టును ఆ నెల ఆపితే చాలు.

ఇక నీళ్ళు. అడుగు వెడల్పు, రెండంగుళాల లోతున్న మట్టి మూకుడు తీసుకోండి. స్టీలు, ప్లాస్టిక్ గిన్నెల్లో నీళ్ళు మధ్యాహ్నానికి కాగిపోతాయి. మట్టి గిన్నెలో నీరు చెమర్చి ఆవిరవుతుంటుంది కాబట్టి చల్లగా ఉంటుంది, గరుకుగా ఉండటం వల్ల కాళ్ళు జారవు. మధ్యలో నీటిపైకి తేలేలా ఒక రాయి పెడితే తేనెటీగలు దాని మీద వాలి తాగుతాయి. రాయి లేకపోతే మునిగి చస్తాయి. మూకుడును నీడలో, మూడడుగుల ఎత్తున పెట్టండి. చుట్టూ ఐదడుగుల మేర పొదలు ఉండకూడదు, పిల్లి మాటు వేసేది వాటి వెనకే.

చాలామంది చేసే పొరపాటు తగ్గిన నీటి మీద కొత్త నీళ్ళు పోయడం. డెంగీ మోసే దోమ గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన, గిన్నె అంచుకు అంటుకుని ఉంటాయి. నీళ్ళు పైకి రాగానే పిల్ల పురుగులు బయటికొస్తాయి, వారం పది రోజుల్లో దోమలవుతాయి. రోజూ పారబోసి నింపండి, వారానికి రెండుసార్లు కొబ్బరి పీచుతో అంచులు రుద్దండి. సబ్బు వద్దు. మూత లేని డ్రమ్ములు, నీళ్ళ తొట్లలో ఉడుతలు పడి పైకి రాలేక చనిపోతాయి. ఒక గరుకు కర్రను లోపలి నుంచి అంచు దాకా ఏటవాలుగా ఆనించండి.

గింజలు పొద్దున పిడికెడు చాలు. కొర్రలు, సజ్జలు, నూకలు మంచివి. ఉప్పు వేసిన అన్నం పెట్టకండి. డాబా నిండా చల్లితే పావురాలు గుంపులుగా దిగి పిచ్చుకలను తరిమేస్తాయి, వాటి రెట్టల దుమ్ము మన ఊపిరితిత్తులకూ చేటు. పిచ్చుకలకు గింజల కంటే గూటి పెట్టె మేలు: అడుగు భాగం 15 సెంటీమీటర్ల చదరం, ఎత్తు 20, రంధ్రం 32 మిల్లీమీటర్లు. రంధ్రం అంతకంటే పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. ఎనిమిది పదడుగుల ఎత్తున, పడమటి ఎండ తగలని గోడకు, సీలింగ్ ఫ్యాన్‌కు దూరంగా బిగించండి.

కరివేపాకు మీద పిట్ట రెట్టలా కనిపించే పురుగును నలిపేయకండి. అదే పెరిగి ఆకుపచ్చగా మారుతుంది, కదిపితే తల వెనక నారింజ రంగు కొమ్ములు చాస్తుంది, చివరికి సీతాకోకచిలుక అవుతుంది. చెట్టు చిన్నదై భరించలేకపోతే పురుగును ఆకుతో సహా నిమ్మ చెట్టు మీదికో మారేడు మీదికో మార్చండి. వేరే చెట్టు మీద వేస్తే తినక చస్తుంది. జిల్లేడు మొక్కను పీకకపోతే అక్కడ ఇంకో రకం సీతాకోకచిలుక పెరుగుతుంది. తులసి వెన్నులు రెండు కుండీల్లోనైనా తుంచకుండా వదిలితే తేనెటీగలకు పండుగే.

మందారానికి పిండినల్లి, అంటే తెల్లటి పిండిలా అంటుకునే పురుగు, పడితే మందు కొట్టాలన్న తొందర వద్దు. తేనెపిట్ట పూలలో తేనె తాగినా, పిల్లలకు తినిపించేది పురుగుల్నీ సాలీళ్ళనే. ముందు నీళ్ళ గొట్టంతో గట్టిగా కడగండి, కాండం మీద చీమల దారి ఆపండి, ఎందుకంటే పిండినల్లిని మోసుకొచ్చి కాపాడేవి అవే. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి, పొద్దు గూకాక, పట్టిన కొమ్మకే కొట్టండి.

రాలిన వేపాకును తగలబెట్టవద్దు. గుమ్మానికి దూరంగా ఒక మూల అరడుగు మందాన పరిచి, వారానికోసారి తడపండి. కప్పలు, తొండలు వానల దాకా అక్కడ తలదాచుకుంటాయి. పాము కనిపిస్తే కొట్టకుండా, దూరం నుంచి కనిపెట్టుకుని ఉండి, పాములు పట్టేవారిని పిలవండి.

ఏప్రిల్‌లో పిట్టపిల్ల కింద పడి కనిపిస్తుంది. ఈకలు నిండుగా ఉంటే అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. పక్కనున్న కొమ్మ మీద పెట్టి, కుక్కల్ని కట్టేసి, దూరంగా జరగండి. ఈకలు రానిదైతే గూట్లో తిరిగి పెట్టండి. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. నోట్లో నీళ్ళు మాత్రం పోయకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్ల చచ్చిపోతుంది.