రిజర్వాయర్ గట్టు మట్టిలో పాదరసం ఏ రూపంలో ఉందో చూడటం ఎలా

ల్యాబ్ రిపోర్టులో "మొత్తం పాదరసం" అన్న ఒక్క అంకె చూసి టెన్షన్ పడకండి, అలాగని నిశ్చింతగానూ ఉండకండి. అది సినబార్‌గా, అంటే గంధకంతో కలిసిన పాదరసం సల్ఫైడ్ ఖనిజంగా గట్టిపడి ఉంటే ఏళ్ల తరబడి దాదాపు కదలదు. కుళ్లిన ఆకుల నుంచి వచ్చిన హ్యూమిక్ పదార్థానికి అంటుకుని ఉంటే మాత్రం, నీళ్లు ఎక్కి గాలి అందని రోజుల్లో బ్యాక్టీరియా కొంత భాగాన్ని మిథైల్ మెర్క్యురీగా మార్చేస్తుంది, చేపలకు ఎక్కేది అదే.

చైనాలోని త్రీ గోర్జెస్ రిజర్వాయర్ 2010లో మొదటిసారి 175 మీటర్ల మట్టానికి నిండింది. ఏటా చలికాలానికి నింపుతారు, వరదలకు చోటుండాలని ఎండాకాలంలో 145కి దించుతారు. మధ్యలోని 30 మీటర్ల ఎత్తు గట్టు మునుగుతూ తేలుతూ ఉంటుంది. తేలినప్పుడు గరిక దట్టంగా పరుచుకుంటుంది, మునిగాక అదంతా కుళ్లి బ్యాక్టీరియాకు మేత అవుతుంది. అందుకే ఇలాంటి చోట ఎత్తును బట్టి శాంపిల్ తీయాలి: 145కి కాస్త పైన, 155, 165, 175 పైన ఎప్పుడూ మునగని నేల. ప్రతి ఎత్తులో గరిక కింద ఒకటి, బోడి నేలలో ఒకటి.

గొట్టం దించి తీసిన మట్టిని అక్కడే నిలువుగా చీల్చి చూడండి. పైన గోధుమ రంగు, వేర్ల వెంట తుప్పు చారలు, కింద నల్లటి పొర, కుళ్లిన గుడ్డు వాసన. ఈ రెండు పొరల్నీ కలిపేస్తే అసలు సంగతి చెరిగిపోతుంది, విడివిడిగా డబ్బాల్లో గాలి మిగలకుండా అంచుదాకా నింపి వెంటనే ఐసులో పెట్టండి. ఎండబెట్టడం వద్దే వద్దు. గాలి తగిలితే సల్ఫైడ్‌లు ఆక్సీకరణ చెందుతాయి, రూపాలు మారిపోతాయి, తర్వాత ఎంత ఖరీదైన మెషీన్ పెట్టినా మీరు కొలిచేది గట్టు మీది మట్టిని కాదు.

ల్యాబ్‌లో ఐదు అంచెల కరిగింపు చేస్తారు. ఒక వంతు మట్టికి వంద వంతుల ద్రావణం, ఒక్కో అంచెకి దాదాపు 18 గంటలు తిప్పడం. మొదట నీళ్లు, తర్వాత కడుపులోని ఆమ్లాన్ని పోలిన పీహెచ్ 2 ద్రావణం, తర్వాత 1 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్, 12 మోలార్ నైట్రిక్ ఆమ్లం, చివర్లో ఆక్వా రీజియా (గాఢ హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమం). మొదటి రెండూ తేలిగ్గా జీవుల్లోకి వెళ్లేవి, మూడోది హ్యూమిక్‌కి అంటుకున్నది, సల్ఫైడ్ ఆఖర్లో దిగుతుంది. చాలామంది మొదటి రెండే కూడి "అందుబాటులో ఉన్నది ఇంతే" అని రాసేస్తారు. నా మటుకు మూడోదాన్ని వదిలేస్తే మునిగే గట్టు లెక్క తప్పినట్టే, ఎందుకంటే మిథైల్ తయారవడానికి ముడిసరుకు చాలావరకు అందులోనే ఉంటుంది. ఐదూ కూడితే, విడిగా కొలిచిన మొత్తానికి 80 నుంచి 120 శాతం మధ్య రావాలి, రాకపోతే ఏదో అంచెలో తేడా వచ్చిందన్నమాట, మళ్లీ చేయండి.

మిథైల్ మెర్క్యురీని వేరే శాంపిల్‌లో విడిగా కొలిపించండి, అది మొత్తంలో ఎంత శాతమో రాసుకోండి. కెనడా మంచినీటి అడుగు మట్టికి పెట్టుకున్న కిలోకు 170 మైక్రోగ్రాముల సూచిక మొత్తం పాదరసానిదే, మీ అంకె దానికంటే తక్కువ ఉందని ఈ పరీక్ష మానేయకండి. డబ్బు ఒక్క విడతకే ఉంటే, నీళ్లు అప్పుడే దిగి బురద ఇంకా తడిగా ఉన్న వారంలో వెళ్లండి. రెండో విడతకీ ఉంటే, మళ్లీ మునగబోయే ముందు అవే ఎత్తుల్లో, అవే పొరల్లో తీయండి.