జబ్బ పట్టేస్తే గోలీల మీదే బతకక్కర్లేదు

హనుమకొండలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి భుజం నొప్పితో వచ్చేవాళ్లలో నలభై, అరవై ఏళ్ల మధ్య ఆడవాళ్లే ఎక్కువ. బ్లౌజులు కుట్టేవాళ్లు, బోర్డు మీద రాసే టీచర్లు, కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లవాళ్లు. "మేడం, రెక్క లేస్తలేదు. జడేసుకోనీకి కూడ వస్తలేదు" అంటూ కూర్చుంటారు. తర్వాత సంచిలోంచి గోలీల అట్టలు తీసి బల్ల మీద పెడతారు. నెలల తరబడి వాడుతున్నవి. కొందరికి గోలీ పేరు కూడా తెలియదు, కాగితం పొట్లంలో కట్టి ఇచ్చినవే మింగుతుంటారు.

ఆ పొట్లాలు చూస్తే నాకు చాలా బాధేస్తుంది. నొప్పి గోలీ కొన్ని గంటలు నొప్పిని అణుస్తుంది, అంతే. బిగిసిన కీలును అది వదులు చేయలేదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి వేసుకుంటే కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీ పెరగొచ్చు, షుగర్ ఉన్నవాళ్లకు కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం కీలు బిగిసిపోవడం, చూస్తే ఏడాది నుంచి మూడేళ్ల దాకా నడిచే జబ్బు. అలాగని నొప్పిని పళ్ల బిగువున ఓర్చుకోమని నేను చెప్పను. డాక్టరు పది రోజులకు రాస్తే ఆ పది రోజులు వాడండి. ఆ తర్వాత మెడికల్ షాపులో అదే అట్ట చూపించి మళ్లీ మళ్లీ కొనకండి.

ముందు ఇది ఫ్రోజెన్ షోల్డరేనా అని చూసుకోవాలి. రెండు మోచేతుల్నీ నడుముకు ఆనించి, ముంజేతుల్ని ముందుకు చాపండి. మోచేతులు కదలకుండా ముంజేతుల్ని పక్కలకు తిప్పండి. మంచి చేయి పోయిన దూరంలో నొప్పి ఉన్న చేయి సగం కూడా పోకపోతే అనుమానించాలి, ఎందుకంటే ఈ జబ్బులో ముందుగా పోయేది ఈ తిప్పుడే. తర్వాత ఇంట్లో ఎవరితోనైనా ఆ చేతిని మెల్లగా తిప్పించుకోండి. వాళ్లు తిప్పినా అక్కడే ఆగిపోతే కీలు బిగిసినట్టు. మీరు ఎత్తలేని చేయిని వాళ్లు సులువుగా ఎత్తగలిగితే లోపల కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు తెగి ఉండొచ్చు, దాని వైద్యం వేరు. ఎక్స్‌రేలో మామూలుగా ఏమీ కనపడదు. అయినా ఒకసారి తీయించండి, కీలు అరగలేదని, ఎముక విరగలేదని తేలిపోతుంది. చీటీ మీద ఒక డాక్టరు 'పి.ఎ. షోల్డర్' అని, ఇంకొకరు 'అధెసివ్ క్యాప్సులైటిస్' అని రాస్తే రెండు జబ్బులని టెన్షన్ పడొద్దు, రెండూ ఇదే.

కొన్నిటికి మాత్రం ఫిజియో దగ్గరికి కాదు, నేరుగా ఆసుపత్రికే పోవాలి. ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు, ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. కింద పడ్డాక మొదలైన నొప్పి, జ్వరంతో వచ్చిన నొప్పి, మనిషి బరువు తగ్గిపోతూ ఉండగా వచ్చే నొప్పి, చేయి తిమ్మిరెక్కి పట్టు తప్పడం, వీటినీ డాక్టరే చూడాలి.

భుజం కీలు చుట్టూ పల్చని సంచిలాంటి పొర ఒకటి ఉంటుంది. ఫ్రోజెన్ షోల్డర్‌లో అది వాచి, మందమై, ముడుచుకుపోతుంది. ఉతికితే కుంచించుకుపోయిన రైక చంక దగ్గర పట్టేసినట్టు, చేయి ఎటు లేపినా అది అడ్డం పడుతుంది. "దసరా కల్లా తగ్గుతదా మేడం?" అని అందరూ అడుగుతారు. నిజమే చెబుతాను. నొప్పి ఎక్కువగా ఉండే మొదటి దశ 2 నుంచి 9 నెలలు, నొప్పి తగ్గి బిగుతు మిగిలే రెండో దశ 4 నుంచి 12 నెలలు, మెల్లగా వదులయ్యే మూడో దశ 5 నెలల నుంచి రెండేళ్ల దాకా పడుతుంది. కొందరికి చివర్లో కాస్త బిగుతు ఉండిపోతుంది కూడా.

మీరు ఏ దశలో ఉన్నారో మీ రాత్రులు చెబుతాయి. ఆ పక్కకు ఒత్తిగిలితే నిద్ర లేచి కూర్చునేంత నొప్పి ఉంటే ఇంకా మొదటి దశే. ఈ దశలో చేతిని గట్టిగా లాగనే కూడదు. ఎంత చెప్పినా వినకుండా, చేతిని లాగి సరిచేస్తామనే నాటువైద్యుల దగ్గరికి పోయి, కాలు అడ్డం పెట్టి లాగించుకుని, రెట్టింపు నొప్పితో వచ్చేవాళ్లున్నారు. నెదర్లాండ్స్ వైద్యులు 2004లో 77 మంది మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. నొప్పి హద్దు దాటకుండా మెల్లగా కదిలించుకున్న వాళ్లలో రెండేళ్లకు నూటికి 89 మంది దాదాపు మామూలు స్థితికి వచ్చారు. నొప్పి దాటి గట్టిగా వ్యాయామం చేయించిన గుంపులో ఆ సంఖ్య 63. నేను మెల్లగా చేయమంటే "గింతేనా?" అని నిరాశపడేవాళ్లకు ఈ లెక్కే చెబుతాను.

మొదటి దశలో పని ఇలా ఉండాలి. వేడినీళ్ల బ్యాగును తువ్వాలలో చుట్టి పది, పదిహేను నిమిషాలు భుజం మీద పెట్టండి. షుగర్ వల్ల చర్మం మొద్దుబారిన వాళ్లు ముందు ఇంట్లో వాళ్ల చేతితో వేడి చూపించుకోండి, తెలియకుండా కాలిన బొబ్బలు నేను చూశాను. తర్వాత మంచి చేతిని బల్ల మీద ఆనించి, నడుము వంచి, నొప్పి ఉన్న చేతిని కిందికి వేలాడదీయండి. భుజాన్ని ఊపొద్దు. ఒంటిని మెల్లగా ఊపితే చేయి దానంతట అదే ఊగాలి. అడుగు వెడల్పు సున్నా చుట్టినట్టు ఇటు పది, అటు పది. నొప్పి బాగా తగ్గాక అదే చేతిలో అర లీటరు నీళ్లున్న చెంబు పట్టుకుని చేయొచ్చు. తర్వాత వెల్లకిలా పడుకుని, మంచి చేతితో రెండో చేతి మణికట్టు పట్టుకుని, తల వైపు మెల్లగా లేపండి. పట్టినట్టు అనిపించిన చోట ఆగి నాలుగు ఊపిరులు తీసుకుని దించండి. ఇలా అయిదారు సార్లు చాలు. రోజుకు ఒక్కసారి గంటసేపు చేయడం కన్నా అయిదు నిమిషాల చొప్పున మూడు నాలుగు సార్లు చేయడం మేలు.

ఎంత చేయాలన్నదానికి నేను పెట్టే లెక్క ఒక్కటే. చేస్తున్నప్పుడు పట్టిన నొప్పి అరగంటలో సర్దుకుంటే సరిపోయినట్టు. ఆ రాత్రి నిద్ర చెడితే మరుసటి రోజు సగం చేయండి. అంతే గానీ మానేయకండి, చేయిని మెడకు గుడ్డ కట్టి వేలాడదీయకండి.

నిద్ర సంగతి చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో సగం వైద్యం అదే. వెల్లకిలా పడుకుంటే మోచేయి కింద నుంచి అరచేయి దాకా మడత పెట్టిన దుప్పటి పెట్టండి, భుజం వెనక్కి జారకుండా ఉంటుంది. పక్కకు పడుకోవాలంటే మంచి భుజం కిందికి పెట్టి, నొప్పి చేతితో దిండును హత్తుకోండి. ఎండాకాలం డాబా మీద చాప ఒక్కటే వేసుకుని పడుకుంటే ఈ భుజానికి చాలా కష్టం, బొంత వేసుకోండి.

ఇంట్లో రోజూ వాడే డబ్బాల్ని సజ్జ మీద నుంచి గట్టు మీదికి దించండి. బట్టలు ఆరేసే దండేన్ని ఛాతీ ఎత్తుకు కట్టించుకోండి. చొక్కా, రైక వేసుకునేటప్పుడు నొప్పి చేయి ముందు, విప్పేటప్పుడు చివర. హుక్కులు ముందుకు పెట్టించుకోండి. పరకాల, నర్సంపేట బస్సుల్లో నిలబడి పోయేవాళ్లు ఆ చేతితో పైకడ్డీ పట్టుకోవద్దు, బ్రేకు పడ్డప్పుడు పడే గుంజుడు తట్టుకోలేదు. సీటు పక్కన కడ్డీ పట్టుకోండి.

రాత్రి నిద్ర పడుతోంది, చేయి మాత్రం లేవడం లేదు అంటే రెండో దశలోకి వచ్చినట్టు. ఇప్పుడు సాగదీయడం పెంచాలి. పడుకుని మోచేయిని ఒంటికి ఆనించి, కింద మడత తువ్వాల పెట్టి, రెండు చేతులతో కర్ర పట్టుకోండి. మంచి చేతితో కర్రను నెడుతూ రెండో ముంజేతిని బయటికి తిప్పండి, 20 లేదా 30 సెకన్లు అలాగే ఉంచండి. అన్నిటికన్నా ముఖ్యమైన వ్యాయామం ఇదే, జనం తొందరగా వదిలేసేదీ ఇదే. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకడం అందరికీ తెలుసు. ఆగిన చోట చాక్‌పీసుతో గీత పెట్టండి, కానీ చెవి వైపు భుజాన్ని ఎగరేసి గీత దాటించొద్దు. వీపు వెనక తువ్వాల పట్టుకుని పైచేతితో కిందిచేతిని లాగే వ్యాయామం చివర్లో చేయాలి, అదీ మెల్లగా. చేయి బాగా వదులయ్యాక రబ్బరు బ్యాండుతో బలం పెంచుకోవచ్చు.

షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకు ఈ జబ్బు ఎక్కువ వస్తుంది, ఎక్కువ కాలం ఉంటుంది. ఇప్పటిదాకా పరీక్ష చేయించుకోకపోతే షుగర్ తెలిపే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ తెలిపే టీఎస్‌హెచ్ రెండూ చేయించండి. భుజం నొప్పికి వచ్చి, పరీక్షలో షుగర్ బయటపడినవాళ్లు నా దగ్గర ఉన్నారు. రోజూ నడవండి. భద్రకాళి బండ్ మీద నొప్పి చేతిని కడుపుకు ఆనించుకుని నడిచేవాళ్లు కనిపిస్తుంటారు. చేయి వదిలేసి, ఊపుతూ నడవాలి. షుగర్ ఉంటే రెండో భుజం మీద కూడా ఓ కన్నేసి ఉంచండి, కొన్నేళ్లకు అటు కూడా రావచ్చు.

మొదటి దశలో నిద్రే లేకుండా పోతే కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి ఎముకల డాక్టరును అడగండి. ఒక్క సూదితో కొన్ని వారాలు నొప్పి తగ్గితే వ్యాయామానికి దారి దొరుకుతుంది, నెలల తరబడి గోలీలు మింగడం కన్నా అది నయం. పిరుదుకు వేసే నొప్పి సూది వేరు, ఇది వేరు. షుగర్ ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది, కాబట్టి రోజూ చూసుకోవాలి.

ఆరు నెలలు శ్రద్ధగా చేసినా ఏమీ కదలకపోతే మత్తిచ్చి చేయిని వదులు చేయడం, చిన్న రంధ్రాల ద్వారా పొరను కోయడం అనే మార్గాలున్నాయి. బ్రిటన్‌లో 503 మంది మీద చేసి 2020లో ప్రచురించిన పరిశోధనలో ఈ రెండూ, ఇంజెక్షన్‌తో కలిపి చేసిన ఫిజియోథెరపీ ఏడాది తర్వాత దాదాపు సమానంగానే పనిచేశాయి. కాబట్టి ఆపరేషన్‌కు తొందరపడాల్సిన పని లేదు. ఒకవేళ చేయించుకుంటే, ఇంటికి పంపేముందే ఫిజియో ఎప్పుడు మొదలవుతుందో డాక్టరును అడిగి రాయించుకోండి. మొదటి రోజుల్లోనే కదిలించకపోతే కీలు మళ్లీ బిగుస్తుంది.